నున్నటి గుండు, మూడు రకాల విమానాలు

శిక్షణ జెట్టు నడపడం వచ్చినంత మాత్రాన ఎయిర్‌ఫోర్స్‌లో మనిషి పైలట్ అయిపోడు. అప్పటికి వాడు సగం ఉడికిన అన్నం. వాణ్ణి ఏ విస్తట్లో వడ్డించాలో పెద్దలు ఇంకా తేల్చుకోలేదన్నమాట. విస్తళ్లు మూడు. ఒంటరిగా ఎక్కి ఉరుములా దూసుకుపోయే ఫైటర్ ఒకటి. జవాన్లనూ జీపులనూ పిండి బస్తాలనూ కడుపులో పెట్టుకుని మోసే ట్రాన్స్‌పోర్టు ఇంకొకటి. మూడోది తల మీద ఫ్యాను తిప్పుకుంటూ ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ దిగే హెలికాప్టర్.

ఎవరికి ఏది ఇవ్వాలన్నది చివరి ఎగిరే పరీక్ష తర్వాత తేలుతుంది. అన్నాళ్లు పక్క సీట్లో కూర్చుని మన ప్రాణాలతోపాటు తన ప్రాణాలనూ కాపాడుకున్న గురువుగారు మన గురించి ఏమన్నారో చూస్తారు. ఏ రకానికి ఎందరు కావాలో లెక్క చూస్తారు. నీకేం కావాలని మనల్నీ అడుగుతారు. ఆ అడగడం ఒట్టి మర్యాద. పెళ్లి ఖాయమై, తాంబూలాలు మార్చుకుని, బ్యాండువాళ్లకు చెప్పేసిన తర్వాత పిల్లను అడిగినట్టు.

నాకు ఫైటర్ కావాలి. ఎంతగా కావాలంటే, నిద్రలో నేను చేసే జెట్టు చప్పుడుకి పక్క మంచం కుర్రాడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాడు. భోజనాల గదిలో చపాతీని కూడా నలభై అయిదు డిగ్రీల వాలులోనే నోట్లోకి దింపేవాణ్ణి.

ఆ చివరి పరీక్షకు ముందు కొద్ది రోజులు సెలవిచ్చారు. సంచీ భుజాన వేసుకుని కోరుట్ల బస్సెక్కాను. అక్కడే మొదలైంది నా తల మీదికి వచ్చిన కథ.

సిరిసిల్లలో చేనేత మగ్గం వదిలేసి కోరుట్లలో చిన్న బట్టల దుకాణం పెట్టుకున్నవాడు మా బాపు. మా దిక్కు తండ్రిని బాపు అనీ, తల్లిని అవ్వ అనీ పిలుస్తాం. అవి అన్నల కాలం. మా దిక్కు నక్సలైట్లను ఎవరూ నక్సలైట్లు అనేవాళ్లు కాదు, అన్నలు అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. ఎవరింట్లోనైనా యూనిఫారం వేసే కొడుకుంటే ఆ సంగతిని ఇంట్లో పాము దూరినంత గుట్టుగా దాచుకునేవాళ్లు. ఖాకీయా, నీలమా అని రంగు అడిగి తీరిగ్గా మాట్లాడుకునే రోజులు కావు. అందుకని మా అవ్వ వీధి మొత్తానికీ నేను దుబాయిలో ఉన్నానని చెప్పేసింది. కోరుట్లలో దానికంటే నమ్మదగిన అబద్ధం భూగోళం మీద లేదు. ఇంటికొకడు అక్కడే ఉండేవాడు. దీనివల్ల నాకు ఒక్కటే ఇబ్బంది. సెలవుకు వచ్చినప్పుడల్లా హైదరాబాదు పాతబస్తీలో ఆగి సెంటు సీసాలూ, టార్చిలైట్లూ, పులి బొమ్మ ఉన్న దుప్పట్లూ కొనుక్కుని దుబాయి నుంచి దిగాల్సి వచ్చేది.

ఆ రోజు అవ్వ తలుపు తీసింది. నన్ను చూసింది. మళ్లీ మూసేసింది.

"అవ్వా, నేనే!"

"నువ్వేనని తెల్సు. గా తలకాయేందిరా?"

అకాడమీ క్షవరం అలాంటిది. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లు కూడా దానికంటే పొడుగ్గా ఉంటాయి. దుబాయి నుంచి వచ్చేవాళ్లు చెవుల మీదికి జుట్టు దించి, నల్లద్దాలు పెట్టి, పూల చొక్కా వేసుకుని దిగుతారు. నేను దిగినట్టు ఎవరూ దిగరు.

"పోలీసోని లెక్కనే ఉన్నవ్ గదరా! ఎవడన్న సూసిండా? బస్టాండ్ల సూసిండ్రా?" అంటూ అవ్వ కొంగుతో నా తల చుట్టబోయింది. అంతలో పక్కింటి చిన్నమ్మ బీడీలు చుట్టే చాట పట్టుకుని గడప మీదికి వచ్చేసింది. ఆమె కంట పడకుండా మా వీధిలో చీమ కూడా కాపురం మార్చలేదు.

"ఏం కొడుకా, ఎప్పుడచ్చినవ్? గిదేంది, దుబాయిల ఎంటికెలు గూడ గుంజుకుంటరా?"

మా అవ్వ అబద్ధం చెప్పడానికి ఆలోచించే మనిషి కాదు. ఆలోచన అబద్ధం తర్వాత వచ్చేది. "మొక్కున్నది సెల్లె. వీసా వస్తే ధర్మపురి నర్సింహస్వామికి గుండిస్తనని మొక్కిండు. పిచ్చోడు ఆగలేక ఆడనే సగం కోసుకున్నడు. రేపు పోయి మిగిలింది ఇచ్చస్తం."

"గట్లనా! అయితే నేను గూడ అస్త. నా కొడుక్కు గూడ వీసా రావాలె గద" అంది చిన్నమ్మ.

అబద్ధం అవ్వది, మొక్కు నాది, సాక్షి చిన్నమ్మ. ఇక తప్పుకోవడానికి దారేదీ?

మరునాడు జగిత్యాల మీదుగా ధర్మపురి పోయాం, బాపు కూడా వచ్చాడు. గోదావరి ఒడ్డున నా తల మీద ఆడిన కత్తి ఎంత పనిమంతురాలంటే, లేచి చూసుకుంటే నాకు ఎదురుగా రెండో సూర్యుడు ఉదయించినట్టు ఉంది. నదిలో మునిగి లేచేసరికి నీళ్ల మీద వెలుగు అవతలి ఒడ్డు దాకా పోయి మేకలను బెదరగొట్టింది. మేకల సంగతి నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ, చిన్నమ్మ మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో జగిత్యాల చేరేసరికి బస్సును పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో అది మామూలే. ఒక జవాను లోపలికెక్కి ముఖాలు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయాడు. నిటారు వెన్ను, కసరత్తు చేసిన భుజాలు, తాజా గుండు. నిన్నటిదాకా జనానికి పోలీసులా కనిపించినవాణ్ణి ఇవాళ పోలీసులకు వేషం మార్చుకున్న అన్నలా కనిపించాను.

"ఏయ్ గుండు, దిగు. ఏం జేస్తవ్?"

నేను నోరు తెరిచేలోపే కిటికీ పక్క నుంచి చిన్నమ్మ అందుకుంది. "దుబాయిల ఉంటడు సారూ! మా పక్కింటి పిలగాడే! మస్తు మంచోడు!"

"పాస్‌పోర్టేది మరి?"

పాస్‌పోర్టు లేదు. ఉన్నది ఎయిర్‌ఫోర్స్ గుర్తింపు కార్డు, బనీను లోపలి జేబులో. బస్సులో తీస్తే చీకటి పడకముందే కోరుట్ల అంతా తెలిసిపోతుంది. తీయకపోతే నన్ను ఠాణాకు తీసుకుపోతారు. బస్సు దిగి, జవానును వెనక చక్రం వైపు తీసుకుపోయి, అటు తిరిగి కార్డు చూపించాను. అతను చదివాడు. చదివి ఊరుకుంటే ఎంత బావుండేది! మడమలు రెండూ ఠప్పున కలిపి, జగిత్యాల బస్టాండు దద్దరిల్లేలా సెల్యూట్ కొట్టాడు.

బస్సులోకి వచ్చేసరికి చిన్నమ్మ నోరు అలాగే తెరిచి ఉంది.

"ఓయవ్వ! దుబాయోళ్లకు పోలీసోళ్లు గూడ సలాం గొడ్తరా?"

బాపు జీవితంలో తొందరపడి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాత్రం మెరుపులా అందుకున్నాడు. "సెంటు సీస ఇచ్చుంటడు సెల్లె."

"ఒక్క సీసకే గంత సలామా?" అని చిన్నమ్మ కోరుట్ల చేరేదాకా ఆ సీసా ఏ రకమో అడుగుతూనే ఉంది.

సిరిసిల్లలో మా మామ ఉండేవాడు, అవ్వకు తమ్ముడు. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నానని తెలిసినవాళ్లు మా వాళ్లలో ముగ్గురే: అవ్వ, బాపు, మామ. మామకు తెలిస్తే సిరిసిల్లకు తెలిసినట్టే. కుళ్లుబోతుతనం వల్ల కాదు. ఆయనకు సాంచాల ఖార్ఖానా ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి కొట్టుకునే చప్పుడులో బతికిన మనిషికి గుసగుస అన్నది ఈ జన్మలో రాదు. ఆయన ప్రేమగా పలకరిస్తే వేములవాడలో గంటలు మోగేవి.

బాపూ నేనూ వెళ్లేసరికి ఖార్ఖానాలోనే ఉన్నాడు. నా గుండు తడిమి, "ఏం అల్లుడా! ఏది ఇస్తరట?" అని అరిచాడు.

"ఇంకా తేలలేదు మామా. ఫైటర్ అడుగుతున్న."

"అడుగుడేంది? అడిగితె ఇస్తరా? నా దగ్గరికి పనికచ్చినోడు గూడ సాంచ ఇయ్యమంటడు. నేనిస్తనా? ముందుగాల నూలు కండెలు సుట్టే కాడ కూసోబెడ్త. ఎవనికి ఏ పని ఇయ్యాల్నో పోగు తెగినప్పుడు తెలుస్తది. ఒకడు ఉరికస్తడు. ఒకడు నన్ను బూతులు తిడ్తడు. ఒకడు సప్పుడు జేయకుండ సాంచ ఆపి, తెగిన పోగు దేవులాడి పట్టి ముడేస్తడు. నీ సార్లు గూడ గంతే. నీ పోగెప్పుడు తెగుతదా అని సూస్తుంటరు."

"నా పోగు తెగదు మామా."

"గట్ల అన్నోనికే ముందుగాల తెగుతది" అని మామ నవ్విన నవ్వుకు నాలుగు సాంచాలు బిత్తరపోయి ఆగాయని నా నమ్మకం. కరెంటు పోయిందని బాపు వాదన.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో చాయ తాగుతున్నాం. బాపు కప్పు ఊదుకుంటూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అన్నాడు. "నాకు నీ ఇమానాల సంగతి తెల్వది కొడుకా. గా ఉరికేదన్న తీస్కో, గా బస్తాలు మోసేదన్న తీస్కో. హెలికాప్టర్ ఒక్కటి అద్దు."

"ఎందుకు బాపు?"

"మొన్న ఎలక్షన్లప్పుడు అడివి దిక్కు తిరిగింది గదే. దుకాణం ముంగట నలుగురు నిలవడి పైకి సూస్కుంట, గది ఎవడు తోల్తున్నడో అని మాట్లాడుకున్నరు. ఎవడు తోల్తున్నడని అడిగేటోళ్లు మంచికోసం అడుగరు కొడుకా. రేపు నా కొడుకే తోల్తున్నడని తెలిస్తె నేను షెటర్ ఎట్ల లేపాలె?"

బాపు నన్ను ఏదైనా వద్దనడం నాకు తెలిసి అదే మొదలు. ఛాతీ విరిచి చెప్పాను. "నువ్వు ఫికర్ జేయకు బాపు. నా చెయ్యి ఫైటర్ చెయ్యి. హెలికాప్టర్ ఇస్తమన్నా నన్ను చూసి అదే పారిపోతది."

అకాడమీకి తిరిగి వచ్చాను. పరీక్ష రోజు హెల్మెట్ పెట్టుకున్నాక గానీ మా అవ్వ అబద్ధం ఎంత దూరం ప్రయాణం చేసిందో నాకు అర్థం కాలేదు.

హెల్మెట్‌ను తలకు పట్టి ఉంచేది దాని పట్టీ అనుకుంటాం. ఒట్టి మాట. పట్టి ఉంచేది వెంట్రుక. కొయ్యకాళ్లంతే ఉన్నా సరే, దానికో గరుకుంటుంది. నున్నటి గుండు మీద చెమట పట్టిందంటే ఇక హెల్మెట్, ఆవదం రాసిన గుమ్మడికాయ మీద కుండ బోర్లించినట్టే. గడ్డం కింద పట్టీ బిగించాను. ఇంకా బిగించాను. మింగుడు పడనంతగా బిగించాను.

పక్క సీట్లో పరీక్ష చేసే అధికారి కూర్చున్నాడు. పంజాబీ. తిట్టినా దీవించినా హిందీలోనే, అదీ ఒకే గొంతుతో. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అసలు రుచి పోయినందుకు క్షమించాలి. టేకాఫ్ వెన్నలా అయింది. మలుపులు నెయ్యిలా అయ్యాయి. "ఇప్పుడు లూప్ చెయ్యి" అన్నాడాయన.

లూప్ అంటే విమానాన్ని పైకి లేపి, వెల్లకిలా తిప్పి, వెనక నుంచి కిందికి దించి, గాలిలో పెద్ద సున్నా చుట్టడం. పైకి లేచాం. నేల నెత్తి మీదికి వచ్చింది. ఆహా అనుకున్నాను. కిందికి దిగుతూ, విమానం నడిపే కర్రను నా వైపు లాగేసరికి ఒంట్లో ప్రతి అవయవం నాలుగింతలు బరువెక్కింది, హెల్మెట్ కూడా. సర్రున జారి ముక్కు మీద కూర్చుంది.

నాకు కనిపిస్తున్నది నా ఆక్సిజన్ ముసుగు, దాని మీద ఒక చెమట చుక్క. భూమి ఎటుందో తెలియదు. ఎడమ చేత్తో హెల్మెట్ పైకి తోశాను, మళ్లీ జారింది. ఇంకోసారి తోశాను, మరీ జారింది. ఆ చెయ్యి ఇంజను దగ్గర ఉండాల్సిన చెయ్యి. వదిలేశాను. అందాకా లోపల గర్జిస్తున్నవాణ్ణి అప్పుడు ఎందుకో నిశ్శబ్దమైపోయాను. కర్ర మీద వేళ్లు సడలించాను. సీటు నా నడుమును ఎటు నొక్కుతోందో, గాలి చప్పుడు పెరుగుతోందో తగ్గుతోందో వింటూ మెల్లగా, మెల్లగా సమం చేసుకుంటూ వచ్చాను.

"సర్, నాకు కనిపించడం లేదు. లూప్ వదిలేశాను. అంచనా మీద సమం చేస్తున్నాను. మీరు అందుకోండి."

ఆయన వెంటనే అందుకోలేదు. నాకు ఒక యుగం గడిచింది. ఆ యుగంలో రెండు రాజ్యాలు పుట్టి, కొట్టుకుని, నాశనమై ఉంటాయి. ఆ తర్వాత అన్నాడు. "సమం అయింది. ఇప్పుడు నేను నడుపుతున్నాను. నువ్వు నీ కుండ సర్దుకో."

కిందికి దిగాక హెల్మెట్ తీశాను. ఆయన నా గుండును చాలాసేపు చూశాడు. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు సర్. మొక్కు."

"నీకు ఏం కావాలి?"

"ఫైటర్ సర్!"

"కళ్ల మీద మూత పడితే ఫైటర్ కుర్రాడు పళ్లు బిగించి సున్నా పూర్తి చేస్తాడు, ఆ తర్వాత భయపడతాడు. నువ్వు సున్నాను వదిలేసి విమానాన్ని నిద్రపోయే పసిపిల్లను పక్కకు జరిపినట్టు జరిపావు. తప్పంటున్నానా? అనడం లేదు. చూసింది చెబుతున్నాను" అని నడిచి వెళ్లిపోయాడు.

ఏ విమానం ఎవరికన్నది చెప్పే రోజు హాలులో అందరినీ నిలబెట్టారు. ముందు మూడు వరుసల కుర్చీలు, మూడు రకాలకు. పేరు పిలుస్తారు, రకం చెబుతారు, వెళ్లి ఆ వరుసలో కూర్చోవాలి. నా గుండె చప్పుడుకి ముందున్నవాడు వెనక్కి తిరిగి, తలుపు ఎవరు కొడుతున్నారని అడిగాడు. తల్లికి ట్రాన్స్‌పోర్టు అని మాటిచ్చిన కుర్రాడికి ఫైటర్ వచ్చింది. అతను ఏడుస్తూ వెళ్లి కూర్చున్నాడు. వాడి ఏడుపు చూసి నాకు ఏడుపొచ్చింది. ఫైటర్ వరుస నిండుతోంది. రెండు కుర్చీలు మిగిలాయి. ఒకటి మిగిలింది. నా పేరు పిలిచారు.

"హెలికాప్టర్."

ఆ హాలు కొస నుంచి మూడో వరుసకు నడిచినంత దూరం నేను జీవితంలో ఇంకెప్పుడూ నడవలేదు. కాశీయాత్ర కూడా దానిలో సగమే. కూర్చున్నాక నాకు ఫైటర్ గుర్తుకు రాలేదు. సిరిసిల్ల బస్టాండులో కప్పు ఊదుకుంటున్న బాపు ముఖం గుర్తొచ్చింది.

ఇంటికి ఫోను చేయలేదు. కోరుట్లలో మాకు ఫోను ఎస్టీడీ బూత్‌లోనే. అక్కడ వరుసలో నిలబడ్డ ప్రతివాడూ మన మాటకు వారసుడే.

హెలికాప్టర్ శిక్షణ మొదలైంది. మొదటి రోజుల్లో అది నన్ను ఎలా తిప్పిందో చెబితే నమ్మరు. మైదానం మధ్యలో సున్నంతో ఒక గడి గీసి, దాని మీద గాలిలో కదలకుండా నిలపమన్నారు. అంతే పని. నేను దాన్ని ఉత్తరానికి పోనిస్తే దక్షిణానికి పోయేది. ఆపుదామంటే వెనక్కి నడిచేది. ఒకరోజు కొత్త గిత్తలా గడ్డి కోసుకునేవాళ్ల మీదికి ఉరికితే వాళ్లు కొడవళ్లు పారేసి చెట్లెక్కారు. ఎడమ చెయ్యి ఒకటి చేయాలి, కుడి చెయ్యి ఇంకొకటి, రెండు కాళ్లు మూడోది, అన్నీ ఒకేసారి, ఒకదానికొకటి చెప్పుకోకుండా. ఒక ఉదయం ఏమైందో తెలియదు. చేతులూ కాళ్లూ నన్ను అడగడం మానేశాయి. హెలికాప్టర్ నిలబడింది! గాలిలో, ఏ ఆధారమూ లేకుండా, గడి మీద దీపంలా నిలబడింది! గురువుగారు రెండు చేతులూ పైకెత్తి నాకు చూపించారు. నేను అరిచిన అరుపు ఇంజను చప్పుడును దాటి హైదరాబాదు పోయి ఉంటుంది. ఫైటర్ ముందుకు మాత్రమే పోగలదు, పాపం. ఆగిందంటే పడిపోతుంది. నేను ఆకాశంలో ఆగాను!

తర్వాతి సెలవుకు కోరుట్ల పోయి, ఇంటికి కాకుండా నేరుగా దుకాణానికి వెళ్లాను. బాపు ఒక్కడే ఉన్నాడు.

"ఏదిచ్చిండ్రు?" అన్నాడు, గల్లాపెట్టె మూస్తూ.

"హెలికాప్టర్, బాపు."

బాపు లేచి వెళ్లి షెటర్‌ను సగానికి దించాడు. వచ్చి కూర్చున్నాడు.

"అడిగి ఇయ్యలేదా?"

"అడిగిండ్రు. ఫైటరే అన్న. వాళ్లు నా చెయ్యి చూసి ఇచ్చిండ్రు."

"గది మన దిక్కు అస్తదా?"

"ఏడికి పంపుతే ఆడికి పోవాలె బాపు. మంచు కొండలల్లకు పోతది, వరదలల్ల మిద్దెల మీది మనుషులను గుంజుకస్తది. మన దిక్కు రానే రాదని నేను అబద్ధం చెప్పలేను."

"మీ అవ్వకు నువ్వు పుట్టనే లేదు" అన్నాడు బాపు. నవ్వలేదు. షెటర్ వైపు ఒకసారి చూసి, దొంగలా గొంతు తగ్గించి అడిగాడు. "సరే, ఎట్ల తోల్తరో సూపియ్యి. ఏం తోలుతవో నేను సూడాలె గద."

అంతకంటే ఇంకేం కావాలి నాకు? స్టూలు మీద కూర్చున్నాను. గజం కర్రను కుడిచేతిలో మోకాళ్ల మధ్య నిలబెట్టాను. గొడుగును ఎడమ పక్కన పట్టుకున్నాను. కింద రెండు బట్ట తాన్ల మీద రెండు పాదాలు. "ఇగ సూడు బాపు, ఎడమ చెయ్యి లేపితే మొత్తం పైకి లేస్తది. లేస్తనే ముక్కు పక్కకు తిరుగుతది, గందుకు కాలు తొక్కాలె. కాలు తొక్కంగనే పక్కకు జారుతది, గందుకు కుడి చెయ్యి..."

నేను ఇంకా చెబుతూనే ఉన్నాను, బాపు చూపు నా చేతుల మీద లేదు. నా పాదాల మీద ఉంది. "లే" అన్నాడు. "లేవురా."

లేచాను. బాపు స్టూలు మీద కూర్చుని చెప్పులు విడిచాడు. గజం కర్ర తీసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. తాన్ల మీద పాదాలు అటూ ఇటూ కదిపాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతూ సగం జీవితం బట్ట నేసిన మనిషి. ఎడమ చెయ్యి లేచింది, కాలు దానంతట అదే తొక్కింది, కుడి చెయ్యి ఎవరూ చెప్పకుండానే సర్దుకుంది. నాకు వారాలు పట్టిన పని!

"గింతేనా?"

"గింతే బాపు!"

"నేల ఇడిసిందా?"

"ఇడిసింది!"

"ఎంత ఎత్తుల ఉన్న?"

"మన దుకాణం కప్పు దాటినవ్!"

బాపు కళ్లు మూసుకున్నాడు. మెడ నిటారైంది. పెదాల మధ్య నుంచి, నేను ఎన్నడూ వినని ఒక సన్నని చప్పుడు, బుర్రుమని మొదలైంది. నేను పక్కన నిలబడి, "ఎడమకు, ఎడమకు!" అని అరుస్తున్నాను. ఆయన నా కంటే మెత్తగా మలుపు తిప్పుతున్నాడు.

సగం దించిన షెటర్ కింద నుంచి ఎవరో ఆడమనిషి వంగి చూసింది. "సేటూ, జాకెట్ ముక్కలున్నయా?"

బాపు కళ్లు తెరవలేదు.

"ఆగవ్వా! దిగుతున్న!"